కారు కంటే రుయా ఆసుపత్రికి దగ్గరలో గది మేలు

ప్రశ్న: మాది చిత్తూరు. ఉపాధ్యాయుణ్ని. మా అమ్మాయి తిరుపతి ఎస్వీ వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ రెండో సంవత్సరం చదువుతోంది. హాస్టల్లో నిద్ర చాలడం లేదని, ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి తిరుచానూరు రోడ్డులో 9 వేల అద్దెకు ఇల్లు చూసుకుంది. రాకపోకలకు నా 3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి పాత కారు కొనివ్వవచ్చా?

జవాబు: అమ్మాయి రాత్రిపూట ఇబ్బంది పడకూడదన్న మీ ఆరాటం నాకు అర్థమవుతోంది. అయినా ఆ డిపాజిట్ కదపవద్దనే నా సలహా. కారు అవసరం ఇంటి దూరం వల్ల వచ్చిందే కాబట్టి ముందు ఇంటిని మార్చండి.

మీ అమ్మాయి అదృష్టం ఏమిటంటే కళాశాల, రుయా ఆసుపత్రి పక్కపక్కనే ఉన్నాయి. ఉదయం వార్డు పోస్టింగు, మధ్యాహ్నం తరగతి, రేపు చివరి ఏడాది శిక్షణలో హౌస్ సర్జన్‌గా చేయవలసిన రాత్రి డ్యూటీలు చాలావరకు ఆ ఆవరణ చుట్టూనే తిరుగుతాయి. అలాంటప్పుడు పది నిమిషాల నడకలో ఇల్లు దొరికితే, దానికి 13,500 అద్దె అడిగినా ముగ్గురు పంచుకుంటే మీ వాటాకు పెరిగేది నెలకు 1,500 మాత్రమే. పాత కారుకైతే పెట్రోలు, బీమా, సర్వీసు కలిపి నెలకు నాలుగు వేలకు తగ్గదు. నాలుగేళ్లకు అదొక్కటే దాదాపు రెండు లక్షలు. అదే 3 లక్షలను 6.5 శాతం వడ్డీకి అలాగే ఉంచితే నాలుగేళ్లలో సుమారు 3.88 లక్షలవుతుంది. పీజీ ప్రవేశ పరీక్షకు చదువుకునే ఏడాది అమ్మాయికి ఆ డబ్బుతో చాలా పని ఉంటుంది.

మరొక మాట. బ్రహ్మోత్సవాల రోజుల్లో కళాశాల ఉన్న అలిపిరి రోడ్డులో కారు ఎంత సేపు నిలబడిపోతుందో చూసినవారికి తెలుసు. నడిచి వెళ్లే విద్యార్థికి ఆ బాధ తక్కువ.

ఇంటికి రావడానికీ కారు అక్కరలేదు. స్త్రీశక్తి పథకం కింద 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేదు. ఆధార్ చూపిస్తే చిత్తూరు దాకా ఉచితంగా రావచ్చు. ఊళ్లో పగటి పనులకు షేర్ ఆటో చాలు. హౌస్ సర్జన్సీలో నిజంగా అవసరం పడితే అప్పుడు స్టైపెండు కూడా వస్తుంది కనుక ఒక స్కూటీ కొనుక్కోవచ్చు.

ఇల్లు ఖాయం చేసే ముందు మీరే ఒకసారి వచ్చి, రాత్రి తొమ్మిది దాటాక అమ్మాయితో కలిసి ఆసుపత్రి గేటు నుంచి ఆ ఇంటి దాకా నడవండి. వీధి దీపాలు వెలుగుతున్నాయా, ఆ వేళకు తెరిచి ఉన్న మెడికల్ షాపో టీ కొట్టో దారిలో ఉందా అన్నది చూడండి. చీకటి సందు ఉంటే అద్దె ఎంత తక్కువైనా వద్దనండి. కరెంటు మీటరు విడిగా ఉందో లేదో, వేసవిలో నీళ్లు సరిగా వస్తాయో లేదో పై వాటాలో ఉన్నవారిని అడగండి. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసేటప్పుడు అందులో ఏం పట్టుకుంటారు అన్నది పదకొండు నెలల అగ్రిమెంటులో రాయించుకుని, ఆ సొమ్మును చేతికి ఇవ్వకుండా బ్యాంకు ద్వారానే పంపండి. ముగ్గురిలో ఒకరు మధ్యలో మానేస్తే ఆమె వాటా ఎవరు భరించాలో మిగతా ఇద్దరి తల్లిదండ్రులతో ఇప్పుడే మాట్లాడుకోండి. హాస్టల్ ఖాళీ చేస్తే తర్వాత మళ్లీ గది ఇస్తారో లేదో వార్డెన్‌ను అడిగి తెలుసుకున్నాకే అడ్వాన్సు కట్టండి.