ట్యూనా తీర్మానం భారత్‌కు వర్తించకపోవడం: మీ సందేహానికి సమాధానం

ఎల్లోఫిన్ ట్యూనా పట్టుబడిపై హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ 2021లో పరిమితులు పెట్టింది కదా, సభ్యదేశమైన భారత్‌కు అవి ఎందుకు వర్తించలేదని అడిగారు. ఇందులో ఉల్లంఘన ఏమీ లేదండీ, కిటుకంతా కమిషన్‌ను ఏర్పాటు చేసిన ఒప్పందంలోని 9వ అధికరణంలోనే ఉంది.

అక్కడ మూడింట రెండొంతుల మెజారిటీతో తీర్మానం నెగ్గుతుంది. కానీ నోటిఫికేషన్ వచ్చిన 120 రోజుల్లో ఏ సభ్యదేశమైనా అభ్యంతరం పంపొచ్చు. పంపితే ఆ తీర్మానం దానికి వర్తించదు. మూడింట ఒక వంతుకు మించి దేశాలు అభ్యంతరపెడితే మిగతావాళ్లకూ ఆ బాధ్యత ఉండదు! 2021లో భారత్, ఇండోనేషియా, ఒమన్ లాంటివి ఈ దారే పట్టాయి. చేపేమో సరిహద్దులు చూడదు, సంతకాలు మాత్రం దేశాలవారీగా ఉంటాయి.

తీరదేశాల వాదన కొట్టిపారేసేది కాదు. పాత పట్టుబడి లెక్క ఆధారంగా కోటా ఇస్తే, దశాబ్దాలుగా భారీ పర్స్‌సీన్ నౌకలతో (చేపల గుంపును పెద్ద వలతో చుట్టేసి పట్టేవి) పట్టినవాళ్లకే లాభం. అలాగని అందరూ తప్పుకుంటే నిల్వలు కోలుకోవు.

మీ ప్రాజెక్టుకు కమిషన్ వెబ్‌సైట్‌లోని తీర్మానాల సంకలనం చూడండి. ఏ దేశం అభ్యంతరపెట్టిందో అందులో ఉంటుంది. ‘సిఫార్సు’ అని ఉన్నవాటిని పక్కన పెట్టండి, వాటికి కట్టుబడాల్సిన పని ఎవరికీ లేదు.