వీధి ఒకరిది, కార్ పార్కు మరొకరిది

మీ ఇంగ్లండ్ పట్టణంలో ప్రధాన వీధి కార్లతో కిక్కిరిసి ఉంటే వెనకనున్న కార్ పార్కు సగం ఖాళీగా ఉంటోందనీ, రెండు కౌన్సిళ్లూ ‘మా పని కాదు’ అంటున్నాయనీ రాశారు. నిజానికి ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదండీ. రెండంచెల పాలన, అంటే పైన కౌంటీ కౌన్సిల్, దాని కింద డిస్ట్రిక్ట్ కౌన్సిళ్లు ఉన్నచోట వీధి పార్కింగ్ కౌంటీ బాధ్యత, కార్ పార్కులు మామూలుగా డిస్ట్రిక్ట్ కౌన్సిల్‌వి. వీధిలో రుసుము తక్కువైతే ఎవరైనా అక్కడే చక్కర్లు కొడతారు.

విడివిడిగా అర్జీలు పెట్టడం మాని రెండు కౌన్సిళ్లకూ కలిపి ఉమ్మడి కమిటీ కావాలని అడగండి. ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో కౌంటీ, డిస్ట్రిక్టులు కలిసి 2011లో ఉత్తర, దక్షిణ పార్కింగ్ భాగస్వామ్యాలు ఏర్పాటు చేసుకున్నాయి. ఉత్తరానికి కోల్చెస్టర్, దక్షిణానికి చెమ్స్‌ఫర్డ్ కౌన్సిళ్లు సారథ్యం వహించాయి. పేచీ వచ్చేది డబ్బు దగ్గరే. 1984 రోడ్డు ట్రాఫిక్ నియంత్రణ చట్టం 55వ సెక్షన్ ప్రకారం వీధి పార్కింగ్‌లో ఖర్చులు పోను మిగిలిన డబ్బును ఇష్టమొచ్చినట్టు కాకుండా రవాణా వంటి నిర్దేశిత అవసరాలకే వాడాలి.

కౌన్సిళ్ల దగ్గరికి వెళ్లేముందు ఒక శనివారం గంటగంటకూ రెండుచోట్లా ఖాళీలు లెక్కపెట్టి కాగితం మీద రాసుకెళ్లండి. ఆవేశం కన్నా ఆ కాగితానికే విలువ. అన్నట్టు, కార్ పార్కుకు దారి చూపే బోర్డు చెట్టుకొమ్మ చాటున ఉందేమో చూడండి. కొమ్మ కొట్టించడానికి కమిటీ అక్కర్లేదు.