సమాధానం: బీబీసీ మైక్రోలో టప్‌మని పేలి పొగ
కావలి అన్నా, మీ బీబీసీ మైక్రో (1980ల నాటి బ్రిటిష్ హోమ్ కంప్యూటర్) ఆన్ చేసిన పది నిమిషాలకి టప్‌మని పేలి, ఘాటు పొగొచ్చినా మిషన్ ఆడుతూనే ఉందన్నారు కదా. పోయింది పవర్ సప్లైలో మెయిన్స్ కరెంటు వైపుండే, రీఫా కంపెనీ ఫిల్టర్ కెపాసిటర్. దాని తేనెరంగు తొడుగు నెర్రెలిచ్చి తేమ పీల్చుకుంటుంది. మన సముద్రపు గాలికి ఇక చెప్పేదేముంది!

ప్లగ్ పీకేయండి. సప్లై లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైనే నిలిచుంటుంది. 10 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌తో ఆ ఛార్జ్ దించి, మీటర్లో 5 వోల్టుల లోపు చూశాకే చెయ్యి పెట్టండి. రీఫా కెపాసిటర్లు 0.1, 0.01 మైక్రోఫారడ్‌వి రెండూ మార్చండి. 275 వోల్టుల ఏసీ, ఎక్స్2 రకమే (మెయిన్స్ మీద వాడ్డానికి చేసిన సేఫ్టీ రకం) కావాలి. మామూలుది షార్టయితే మంటే.

సప్లైని కంప్యూటర్ బోర్డుకి తగిలించేముందు, దాన్నుంచి వచ్చే ఎర్ర, నల్ల వైర్ల మధ్య 12 వోల్టుల, 21 వాట్ల కారు ఇండికేటర్ బల్బు లోడుగా పెట్టి కొలవండి: 4.75 నుంచి 5.25 వోల్టుల లోపుండాలి. బల్బుతో సరిగ్గా ఉండి బోర్డుతో వోల్టేజి పడిపోతుంటే, సప్లైని వదిలేసి బోర్డులో షార్ట్ వెతకండి.