కరీబియన్ కవి, తత్వవేత్త ఎదువార్ గ్లిసాన్ ఆలోచన తెలియాలంటే ఆయన మీద తీసిన 'వన్ వరల్డ్ ఇన్ రిలేషన్' డాక్యుమెంటరీ ఒక్కటీ సరిపోతుందా, పుస్తకాలు ముందు చదవాలా?

ముందు సినిమానే చూడండి. కాకపోతే దానికంటే ముందు ఆయన రాసిన 'పొయెటిక్స్ ఆఫ్ రిలేషన్' (1990) మొదటి అధ్యాయం ఒక్కటీ చదవాలి. బానిసల ఓడ గురించిన కొద్ది పేజీలే. ఇంగ్లీషు అనువాదం 1997లో వచ్చింది. ఆ పేజీలు చదవకపోతే, ఎవరో పెద్దాయన ఖరీదైన ఓడలో కూర్చుని కబుర్లు చెబుతున్నట్టే ఉంటుంది. చాలామంది మధ్యలో ఆపేసేది అందుకే.

కరీబియన్ సముద్రంలోని ఫ్రెంచి దీవి మార్టినిక్‌లో పుట్టిన ఈ కవి, తత్వవేత్తను మాలి దేశపు దర్శకుడు మాంతియా దియావారా 2009 ఆగస్టులో క్వీన్ మేరీ 2 ఓడ మీద చిత్రీకరించాడు. ఓడ సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్ వెళ్తోంది. విమానంలో పోకుండా ఓడెందుకని దియావారా అడుగుతాడు. గుండె జబ్బు వల్ల దూరపు విమానాలు ఎక్కలేనని గ్లిసాన్ జవాబు. వెంటనే ఇంకో మాట కలుపుతాడు: ఓడంటే సుఖమనుకుంటాం గానీ, అందులో పారిపోవడానికి చోటుండదు. తర్వాత బయలుదేరడం గురించి మాట్లాడుతూ, ఒక్క మనిషిగానే కాక అనేకులుగా ఉండటానికి ఒప్పుకునే క్షణం అదేనంటాడు.

అక్కడ సినిమా ఆపి ఆ అధ్యాయం మళ్లీ తెరవండి. అందులో మూడు అగాధాలున్నాయి. మొదటిది ఓడ కడుపు, మనుషుల్ని కుక్కిన చీకటి. రెండోది సముద్రం అడుగు. వెంటాడే ఓడ కనబడితే బరువు తగ్గించుకోవడానికి బానిసలకు ఇనుపగుండ్లు కట్టి నీళ్లలోకి తోసేవారు. పచ్చగా తుప్పుపట్టిన ఆ గుండ్లే అట్లాంటిక్ అడుగున దారి గుర్తులంటాడు గ్లిసాన్. మూడోది, వదిలి వచ్చిన నేల తరాలు గడిచేకొద్దీ జ్ఞాపకంలోనూ అరిగిపోవడం. అదే అట్లాంటిక్ మీద, ఆ మనుషుల వారసుడు డెక్ మీద కూర్చుని 'ఒప్పుకోవడం' అంటున్నాడు. ఆ మాట బరువు అప్పుడు తెలుస్తుంది.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది 'క్రియోలైజేషన్' అన్న ఆయన మాట దగ్గర. జాతులు కలవడమే అనుకుంటారు. రెండు రకాల బఠానీలను సంకరం చేస్తే ఏం పుడుతుందో లెక్కగట్టవచ్చు, అది వట్టి కలయికే. ఫలితాన్ని ముందుగా ఎవరూ చెప్పలేనప్పుడే దాన్ని క్రియోలైజేషన్ అంటాడాయన. ఇది అందాలంటే అమెరికా ఖండాలకు వలసవచ్చిన వారిని ఆయన విడదీసిన తీరు చూడాలి: ఆయుధాలతో వచ్చినవాడు, వంటసామాను, ఫొటోలు మోసుకొచ్చినవాడు, ఏమీ లేకుండా వచ్చినవాడు. ఆఫ్రికన్ బానిస మూడోవాడు. ఒకే భాష వాళ్లను ఒకచోట ఉంచకుండా చెదరగొట్టారు కాబట్టి మాట కూడా మిగల్లేదు. మిగిలింది జాడలు మాత్రమే, వాటితోనే క్రియోల్ భాషను, జాజ్ సంగీతాన్ని కట్టుకున్నారు. 1853 నుంచి పుదుచ్చేరి, కారైకాల్ రేవుల ద్వారా మార్టినిక్ చెరకు తోటలకు వెళ్లిన మన దక్షిణాది కూలీల దగ్గర కనీసం అమ్మవారైనా ఉంది. అక్కడి గుళ్లలో ఇప్పటికీ ఉంది. ఈ తేడా మీద మనవాళ్లు రాయకపోవడం నాకు పెద్ద లోటుగా అనిపిస్తుంది.

ఇంకో బాధ కూడా చెప్పాలి. 'రిలేషన్' (సంబంధం) అన్న మాట పట్టుకుని గ్లిసాన్‌ను అందరూ కలిసుండాలని చెప్పిన మంచిమనిషిగా కుదించేస్తున్నారు. ఆంటిల్లెస్ (కరీబియన్‌లోని ఫ్రెంచి దీవులు) స్వయంప్రతిపత్తి కోరినందుకు 1961లో ఫ్రాన్స్ అధ్యక్షుడు ద గాల్ ప్రభుత్వం ఆయన్ని సొంత దీవికి తిరిగి వెళ్లనివ్వలేదు. ఆ నిషేధం 1965 దాకా నడిచింది. ఆయన అడిగిన 'అపారదర్శకత హక్కు' కూడా మెత్తని మాట కాదు. ఎదుటివాడిని పూర్తిగా అర్థం చేసుకున్నాకే గౌరవిస్తానంటే, వాడిని నీ కొలతకు కత్తిరిస్తున్నట్టే. అర్థంకాని భాగాన్ని అలాగే ఉంచి పక్కన బతకడం నేర్చుకోమంటాడు.

సినిమా గంటలోపే అయిపోతుంది. మాటలు ఫ్రెంచిలో, సబ్‌టైటిళ్లు ఇంగ్లీషులో. చదవడంలో మునిగితే ఆయన మాట మధ్య ఆగే తీరు కళ్లు దాటిపోతుంది కాబట్టి ఓడ భాగాన్ని రెండుసార్లు చూడండి. ఆ తర్వాత నవలకు వెళ్లాలనుకుంటే 1958లో ఫ్రాన్స్‌లో పేరున్న రెనొదో సాహిత్య బహుమతి తెచ్చుకున్న 'లా లెజార్ద్' పట్టుకోండి. ఆయన వ్యాసాల పుస్తకం 'కరీబియన్ డిస్కోర్స్' మాత్రం అప్పుడే వద్దు. మార్టినిక్ రాజకీయాలు కొంత తెలిస్తే తప్ప అందులో సగం అందదు.