పట్నం పిల్లల కంటే పల్లెటూరి పిల్లలు నిజంగా గట్టిగా ఉంటారా?

అందరూ ఉంటారనే అంటారు. నేనూ మొన్న సంక్రాంతి దాకా అదే అనేవాణ్ణి.

మాది విజయవాడ పటమట, మావాడు ఏడో తరగతి. డిసెంబరులో స్కూలు నుంచి ఫిట్‌నెస్ కార్డు వచ్చింది. ఖేలో ఇండియా పరీక్షల్లో 600 మీటర్ల పరుగు ఒకటి ఉంటుంది లెండి, దాని ఎదురుగా 2 నిమిషాల 40 సెకన్లు అని వేశారు. లిఫ్ట్ పనిచెయ్యని రోజు రెండో అంతస్తుకే ఆయాసపడేవాడు ఎలా పరిగెత్తావురా అంటే, "పరిగెత్తలేదు నాన్నా, సార్ అందర్నీ క్లాసులోనే కూర్చోబెట్టి రాసుకున్నారు" అన్నాడు.

సరే తేల్చేద్దామని, పండక్కి తెనాలి దగ్గర మా ఊరెళ్లినప్పుడు కాలవ కట్ట మీద బండి మీటరు చూసి 600 మీటర్లు కొలిచి, మావాణ్ణీ మా అన్నయ్య కొడుకునీ నిలబెట్టాను. అటుగా వెళ్తున్న ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె నేనూ వస్తానంటూ సైకిల్‌ని కరెంటు స్తంభానికి ఆనించి, చెప్పులు విప్పేసి వచ్చింది. మావాడు సగంలోనే డొక్క పట్టుకున్నాడు, మిగతాదంతా నడకే, 4 నిమిషాల 50 సెకన్లు. అది అనుకున్నదే. అనుకోనిది అన్నయ్య కొడుకు. పుట్టి పెరిగింది ఆ ఊళ్లో, ఇంట్లో రెండు గేదెలు, అయినా వాడూ మావాడి పక్కనే కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. ఆ అమ్మాయి 2 నిమిషాల 25 సెకన్లలో వచ్చేసి, వీళ్లింకా దారిలో ఉండగానే చెప్పులేసుకుని సైకిలెక్కి వెళ్లిపోయింది.

అన్నయ్య కొడుక్కి గుమ్మం ముందుకే స్కూలు బస్సు వస్తుంది. ఆ అమ్మాయి జిల్లా పరిషత్ హైస్కూలుకి రానూపోనూ ఎనిమిది కిలోమీటర్లు తొక్కుతుంది. తేడా అంతా అక్కడే ఉంది, పల్లె గాలి, గడ్డ పెరుగు ఇవన్నీ కబుర్లు. మా అమ్మ మాత్రం పిల్లలకి దిష్టి తగిలిందని ఇద్దరికీ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పారేసింది.

ఐదు నుంచి పదిహేడేళ్ల వాళ్లు రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు వంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఎక్కడ వంచుతారండీ? బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది, మావాడి స్కూల్లో ఆ స్థలంలో బస్సులు పెడతారు. ఆటల పీరియడ్లు వారానికి రెండు, రెండిటికీ లెక్కల సారే వస్తాడు. స్పోర్ట్స్ ఫీజు మాత్రం జూన్‌లోనే ముక్కుపిండి కట్టించుకుంటారు.

ఊరి నుంచి వచ్చాక కార్డులో 2:40 కొట్టేసి 4:50 అని వేసి, సంతకం పెట్టి పంపాను. మర్నాడే ఫోను. కార్డు పాడు చేశానట, కొత్తదానికి యాభై రూపాయలు కట్టాలట.