పులుసు పెట్టినా పోని పాదరసం

ప్రశ్న: మా కోడలికి అయిదో నెల. ఇంట్లో వారానికి రెండుసార్లు వాలుగ పులుసు ఉండాల్సిందే. చేపల్లో పాదరసం ఉంటుందంటున్నారు. తోలు తీసి, ఉప్పూ పసుపూ రుద్ది కడిగితే పోతుందా?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: పోదమ్మా. కొన్ని పురుగుమందులు కొవ్వులో చేరతాయి కనుక తోలూ, పొట్ట దగ్గరి కొవ్వూ తీసేస్తే కొంత తగ్గుతాయి. చేపలో పాదరసం ఎక్కువగా ఉండే రూపం మిథైల్ పాదరసం. అది అలా కాదు, కండలోని ప్రోటీన్‌నే పట్టుకుని ఉంటుంది. ఉప్పూ పసుపూ నీచు వాసన తీస్తాయంతే. చింతపండు పులుపుకీ అది లొంగదు. వేపుడులో నీరు ఇగిరిపోతుంది కనుక గ్రాముకు పాదరసం ఇంకాస్త పెరుగుతుంది.

మార్చాల్సింది చేపనే. అడుగు బురదలో గాలి ఆడనిచోట బ్యాక్టీరియా పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తుంది. నాచు నుంచి పురుగుకి, పురుగు నుంచి చిన్న చేపకి, దాన్ని మింగే వాలుగకి చేరేసరికి అది మెట్టుమెట్టుకీ చిక్కబడుతుంది. అందుకే ఒకే నీటిలో పెరిగినా శీలావతి, బొచ్చె, గడ్డిచేపల్లో తక్కువ. ఏళ్లు పైబడ్డ పెద్ద వాలుగలో ఎక్కువ.

2003లో అంతర్జాతీయ నిపుణుల కమిటీ, కడుపులో బిడ్డ మెదడును దృష్టిలో ఉంచుకుని, కిలో శరీర బరువుకు వారానికి 1.6 మైక్రోగ్రాముల హద్దు పెట్టింది. 60 కిలోల మనిషికి 96 మైక్రోగ్రాములన్నమాట. కిలోకు 0.1 మిల్లీగ్రాము, అంటే 100 మైక్రోగ్రాములు ఉన్న చేప 960 గ్రాములు తిన్నా ఆ హద్దు దాటదు. 0.5 ఉన్న చేపైతే 190 గ్రాములకే హద్దు వచ్చేస్తుంది, అంటే రెండు పెద్ద ముక్కలు.

చేప మాత్రం మాన్పించకండి, బిడ్డ మెదడుకి అందులోని కొవ్వులు కావాలి. కిలో, కిలోన్నర బొచ్చెకో శీలావతికో మారండి. ఒంట్లో చేరిన పాదరసం సగానికి తగ్గడానికే దాదాపు 50 రోజులు పడుతుంది, కాబట్టి ఈ వారం నుంచే మొదలుపెట్టండి.

ప్రశ్న: మా చెరువు కొరమీను పరీక్షకు పంపితే పాదరసం కిలోకు 1.2 మిల్లీగ్రాములని వచ్చింది. 0.5 దాటకూడదట కదా?

జవాబు: ముందు రిపోర్టులో ఆ అంకె పచ్చి బరువుకా, ఎండబెట్టిన బరువుకా చూడండి. ఆ 0.5 పచ్చి కండకు పెట్టింది. చేపలో ముప్పాతికకు పైగా నీరే. 78 శాతం నీరనుకుంటే, ఎండు బరువు మీద 1.2 అంటే పచ్చి బరువు మీద దాదాపు 0.26. పచ్చి బరువు మీదే 1.2 వచ్చి ఉంటే మాత్రం తినడం ఆపి మళ్లీ పరీక్ష చేయించండి. ఈసారి ఒక్క చేప కాకుండా ఒకే సైజువి అయిదు పంపండి. ఒక్కోదాని పొడవూ బరువూ రాసి, వీపు రెక్క కింది కండ విడివిడి సంచుల్లో కట్టి, ఐసులో పెట్టండి.