నల్లగొండ గుట్టల దగ్గర ఎగురుతుంటే పారాగ్లైడర్ రెక్క ఒకవైపు మడతపడితే ఎట్లా?

ముందు గుట్టకు గుద్దుకోకుండా చూసుకోవాలి. నిండుగా ఉన్న వైపు ఒళ్లు వాల్చి, అటు బ్రేకు కొద్దిగా పట్టి దారి నిలుపుకోండి. ఎక్కువ లాగితే అదీ స్టాల్ అవుతుంది, అంటే గాలి పట్టు తప్పి పడిపోతుంది. కొత్తవాళ్లు చేసే తప్పు ఇదే. ఆ తర్వాతే మూసుకున్న వైపు బ్రేకు నిండుగా లాగి వదలాలి.

మిట్టమధ్యాహ్నం కాగిన బండల మీది వేడిగాలి పైకి లాగేస్తుంటే ‘బిగ్ ఇయర్స్’ వేయండి: రెండు పక్కలా కొసన ఉన్న ‘ఏ’ తాళ్లు (ముందు వరుసవి) లాగితే రెక్క చివర్లు చెవుల్లా ముడుచుకుంటాయి. వేగం పెంచే స్పీడ్ బార్ ఆ తర్వాతే తొక్కాలి. గిరగిరా తిరుగుతూ వేగంగా దిగే స్పైరల్ మాత్రం నేర్పేవాళ్లు లేకుండా వద్దు.

తిరుగుడు ఆగక నేల దగ్గరపడుతుంటే రిజర్వ్ పారాచూట్ విసిరేయడమే.

దిగేటప్పుడు బోరుమోటర్ల కరెంటు తీగలు పైనుంచి కనబడవు, స్తంభాల వరుస చూసుకోండి.